1780 అని రాసి ఉన్న వెండి నాణెం: అది ఏమిటి, అసలుదేనా, ఎప్పటిది?

మీరు రాసిన సంగతి ఇది. పాత బల్ల సొరుగు బిగుసుకుపోతే ఊడదీశారు. వెనక చెక్కల సందులో పెద్ద తెల్లటి నాణెం ఒకటి దొరికింది. ఒకవైపు తలమీద ముసుగు వేసుకున్న స్త్రీ ముఖం, రెండోవైపు గండభేరుండంలాంటి రెండు తలల గద్ద, 1780 అనే సంవత్సరం. బరువు 27.9 గ్రాములు, అడ్డకొలత 40 మిల్లీమీటర్లు, ఒకవైపు నల్లబడింది. ఇది ఏ దేశానిది, నిజమైన వెండేనా, నిజంగా 1780 నాటిదేనా, తోమి మెరిపించవచ్చా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆలస్యమైతే ఆ జవాబుకు విలువ ఉండదు. తోమకండి. టూత్‌పేస్టు, వంటసోడా, వెండి పాలిష్, మెత్తటి గుడ్డ ఏదీ వద్దు. ఆ నలుపు మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడిన పలుచని పొర. దాన్ని గీకితే దాని కింద ఉన్న అసలు ముద్ర ఉపరితలం కూడా కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. అసలు నాణెమా కాదా తేల్చడానికి పనికొచ్చే ఆనవాళ్లలో సగం ఆ ఉపరితలం మీదే ఉంటాయి. నా దగ్గరికి వచ్చే నాణేలలో ఎన్నో, నకిలీలు కాకపోయినా, ఒక్క సాయంత్రపు ఉత్సాహంతో తోమినందువల్ల పాడైపోయినవే. చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

ఇక మిగిలిన మూడు ప్రశ్నలు. ఇది ఏ నాణెం, ఇది అసలుదేనా, ఇది ఎప్పటిది. చాలామంది ఈ మూడింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడుగుతారు. వెండి అని తేలితే అసలుదనీ, అసలుదైతే దానిమీద ఉన్న సంవత్సరానిదే అనీ అనుకుంటారు. రెండూ పొరపాటే. మీ చేతిలో ఉన్న నాణెం విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం.

మొదటిది తేలిక. ఏ తెలియని నాణెమైనా బొమ్మను చూసి ఊహించడం కంటే బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలను ఒక కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం మంచిది. అరిగిన చోట చుక్కలు పెట్టండి, ఊహించి పూరించకండి. మీ ఫొటోలో స్త్రీ ముఖం చుట్టూ నాకు కనిపించినవి: ఎం. థెరీసియా. డి. జి. ఆర్. ఇంప్. హు. బో. రెజ్. ఇది కుదించిన లాటిన్. విడదీస్తే "మరియా థెరీసా, దైవానుగ్రహం చేత రోమన్ల సామ్రాజ్ఞి, హంగరీ బొహీమియాల రాణి" అవుతుంది. గద్ద చుట్టూ ఉన్నది కూడా బిరుదావళే: ఆస్ట్రియాకు ఆర్చ్‌డచెస్, బర్గండీకి డచెస్, టిరోల్‌కు కౌంటెస్. సంవత్సరం పక్కన గుణకారం గుర్తులాంటిది ఒకటి ఉంది చూడండి, అది అంకె కాదు, అక్షరమూ కాదు. బర్గండీ వాలు శిలువ. మీ నాణెం పేరు మరియా థెరీసా థేలర్, అంటే ఆస్ట్రియాను ఏలిన ఆ రాణి పేరిట కొట్టిన పెద్ద వెండి నాణెం. తలమీద ముసుగు ఆమె వైధవ్యానికి గుర్తు. భర్త ఒకటో ఫ్రాన్సిస్ 1765లో చనిపోయాడు.

భుజం కింద ఎస్. ఎఫ్. అనే రెండు చిన్న అక్షరాలు ఉన్నాయి. అవి నేటి జర్మనీలోని గ్యూంట్స్‌బుర్గ్ టంకశాల అధికారులు ష్యోబల్, ఫాబీ ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. అయితే ఆ అక్షరాలు కనిపించాయి కాబట్టి మీ నాణెం అక్కడే తయారైందని అనుకోకండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం కథ కావాలి.

మరియా థెరీసా 1780 నవంబరు 29న మరణించింది. మామూలుగా అయితే ఆమె నాణేలు అక్కడితో ఆగిపోవాలి. కానీ అప్పటికే ఈ థేలర్ యూరప్ దాటి ఎర్ర సముద్రం రెండు తీరాలకూ చేరింది. యెమెన్ కాఫీ కొనేవాళ్లు దీన్నే ఇచ్చేవారు, అమ్మేవాళ్లు దీన్నే అడిగేవారు. కాగితమూ బ్యాంకూ లేని సంతలో ఆ ముఖం, ఆ ముసుగు, ఆ గద్ద కలిసి వెండికి హామీ పత్రం. బొమ్మ మారితే నమ్మకం పోతుంది. అందుకని టంకశాలలు బొమ్మనూ మార్చలేదు, సంవత్సరాన్నీ మార్చలేదు. ఆమె పోయిన తరువాత కొట్టిన ప్రతి నాణెం మీదా 1780 అనే ఉంది. వియన్నా, ప్రేగ్, మిలన్, వెనిస్ టంకశాలలు కొట్టాయి. ఆస్ట్రియాలో ఇది 1858లో చెలామణి నుంచి పోయినా, ఇథియోపియాలో, అరేబియాలో సాగుతూనే ఉంది. ఇథియోపియాలో రెండో మెనెలిక్ చక్రవర్తి తన ముఖంతో సొంత నాణేలు తెచ్చినా ప్రజలు ఈ రాణి ముఖాన్ని అంత తేలికగా వదులుకోలేదు. 1935లో ఇటలీలోని ముస్సోలినీ ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి అచ్చులు, 25 ఏళ్ల హక్కు సంపాదించి రోమ్‌లో కొట్టించింది. ఆ తరువాత లండన్, పారిస్, బ్రసెల్స్, బర్మింగ్‌హామ్ కూడా కొట్టాయి. 1940, 1941లలో బొంబాయి టంకశాలలోనూ కొట్టారు. వియన్నా టంకశాల ఇప్పటికీ కొడుతోంది, ఇప్పటికీ 1780 అనే వేస్తోంది.

కాబట్టి ఇవి నకిలీలు కావు. పుస్తకాల భాషలో చెప్పాలంటే పునర్ముద్రణలు. అదే బొమ్మ, అదే వన్నె, అదే తూకం, ప్రభుత్వ టంకశాలలోనే తయారీ. కాలం మాత్రం వేరు. "అసలుదేనా" అన్నదీ "ఎప్పటిది" అన్నదీ రెండు ప్రశ్నలని నేను పట్టుబట్టడం ఇందుకే.

ఇప్పుడు అసలుదేనా అన్న సంగతి. థేలర్ ప్రమాణం 1753లో బవేరియాతో కుదిరిన ఒప్పందం నాటిది. ఒక కొలోన్ మార్కు (అప్పటి ఒక తూకపు కొలత) స్వచ్ఛమైన వెండికి పది థేలర్లు. అంటే ఒక్కోదానిలో సుమారు 23.39 గ్రాముల వెండి. ఆరింట అయిదు వంతులు వెండి, మిగిలింది రాగి. మొత్తం బరువు 28.07 గ్రాములు, అడ్డకొలత 40 మిల్లీమీటర్ల ప్రాంతం. మీది 27.9. చేతులు మారిన నాణెం 0.17 గ్రాము కోల్పోవడం సహజం. అనుమానించదగినది దీనికంటే బాగా తక్కువ బరువే కాదు, 28.3 లాంటి ఎక్కువ బరువు కూడా. నాణెం వాడకంలో అరుగుతుంది గాని పెరగదు.

అయితే తూకం ఒక్కటే చాలదు. మందం కాస్త పెంచితే వేరే లోహంతోనైనా ఆ బరువు రప్పించవచ్చు. మందంతో దాచలేనిది సాంద్రత. ఇంట్లోనే చూడవచ్చు, నాణేనికి గీత కూడా పడదు. గ్రాములో నూరో వంతు చూపే తూనిక మీద సగం నీళ్లున్న గాజు గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగునూ గోడనూ తాకకుండా నీళ్లలో వేలాడదీయండి. అంటుకున్న గాలి బుడగలను దారం కదిపి వదిలించండి. అప్పుడు తూనిక చూపే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం పొడి బరువును ఆ అంకెతో భాగించండి. స్వచ్ఛమైన వెండి సాంద్రత 10.49, రాగిది 8.96. ఈ థేలర్ మిశ్రమానికి లెక్క ప్రకారం 10.2 రావాలి. అంటే మీ 27.9 గ్రాముల నాణేనికి తూనిక 2.73, 2.74 దగ్గర నిలవాలి. 3.1 చూపితే అది రాగి, నికెల్ మిశ్రమం. 3.2 దాటితే ఇత్తడి జాతి. మూడుసార్లు చేసి సగటు తీయండి, మొదటిసారి చేయి వణకడం మామూలే. పని అయ్యాక మెత్తటి కాగితంతో అద్ది ఆరనివ్వండి, రుద్దవద్దు.

ఇందులోనూ ఒక చిక్కు ఉంది. సీసం, తగరం తగిన పాళ్లలో కలిపితే సాంద్రత 10.2 దగ్గరికి తేవచ్చు. ఆ మోసాన్ని చెవి పట్టేస్తుంది. నాణేన్ని చూపుడు వేలి కొన మీద నిలిపి చెక్క పెన్సిలుతో అంచును మెల్లగా తట్టండి. వెండి సన్నగా, పొడుగ్గా మోగుతుంది. సీసం కలిసినది "టక్" మని ఆగిపోతుంది. రాతి మీద జారవిడిచి వినే పాత అలవాటు మాత్రం వద్దు, ఒక్క దెబ్బకు అంచు నొక్కుకుపోతుంది. పైగా లోపల పగులున్న అసలు వెండి నాణెం కూడా మూగగానే పలుకుతుంది, కనుక చెవిని సాక్షిగా పిలవండి గాని తీర్పు దానికి వదలకండి.

అయస్కాంతం గురించి ఒక మాట. అంటుకుంటే కథ ముగిసినట్టే, లోపల ఇనుమో నికెలో ఉంది. అంటుకోకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు. రాగి, ఇత్తడి, సీసం ఏవీ అంటుకోవు. బలమైన నియోడైమియం అయస్కాంతాన్ని వాలుగా పట్టిన నాణెం మీద జారవిడిస్తే వెండి మీద నెమ్మదిగా జారుతుంది, నిజమే. కానీ వెండి పూత పూసిన రాగి మీద కూడా దాదాపు అంతే నెమ్మదిగా జారుతుంది. ఈ పరీక్ష చూపించి "వెండే" అని తేల్చేవాళ్ల మాట నమ్మకండి. గీటురాయి, ఆమ్లం చుక్క పరీక్షలు నగలకు సరే, నాణేనికి వద్దు. అవి వేసే మచ్చ శాశ్వతం.

నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది అంచును, అంటే నాణెం మందం కనిపించే పక్క భాగాన్ని. బొమ్మ, బొరుసు అందరూ చూస్తారు, నకిలీ చేసేవాడూ వాటిమీదే శ్రమ పెడతాడు. అంచు చూసేవాళ్లు తక్కువ. మీరు ఫొటోలు నాలుగు పంపారు, అంచుది ఒక్కటీ లేదు. థేలర్ అంచు మీద "యుస్టిషియా ఎట్ క్లెమెన్షియా", అంటే "న్యాయము, కరుణ", అని ఆ రాణి ధ్యేయవాక్యం ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటుంది. మధ్యలో తీగల అలంకారం. నాణేన్ని రెండు వేళ్ల మధ్య నిలువుగా పట్టుకుని, పదింతలు చూపే భూతద్దం కింద, పక్కనుంచి పడే వెలుతురులో ఒక చుట్టు మెల్లగా తిప్పండి. అక్షరాలు పూర్తిగా, ఒకే లోతుతో, పదునుగా ఉన్నాయా? అంచు సరిగ్గా మధ్యలో వెంట్రుకంత సన్నటి గీత చుట్టూ తిరుగుతోందా? అలాంటి గీత ఉంటే రెండు సగాలు అతికించినది గాని, రెండు ముక్కల మూసలో పోతపోసినది గాని అవుతుంది. ఒకచోట మాత్రం ఆకురాయితో రుద్దినట్టు నునుపుగా ఉంటే, అక్కడ ఏదో చెరిపారన్నమాట.

ఈ పాఠం నాకు నేర్పింది థేలర్ కాదు, ఒక స్పానిష్ ఎనిమిది రియాళ్ల నాణెం. మెక్సికో టంకశాల గుర్తుతో ఉంది, 27.07 గ్రాములు ఉండాల్సింది 26.9 ఉంది, నీటి పరీక్షలోనూ వెండే అని తేలింది. నేను అసలుదని రాసి ఇవ్వబోతూ చివరికి అంచు తిప్పి చూశాను. ఆ నాణేలకు అంచు మీద వృత్తం, దీర్ఘచతురస్రం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ముద్ర కొట్టడానికి ముందే బిళ్లను రెండు పట్టీల మధ్య దొర్లించి ఆ నమూనా వేసేవారు. అందువల్ల ఎదురెదురుగా రెండు చోట్ల నమూనా ఒకదానిమీద ఒకటి ఎక్కి గజిబిజిగా ఉంటుంది. నా చేతిలో ఉన్నదానికి ఆ గజిబిజి ఎక్కడా లేదు. చుట్టూ సమానంగా, అందంగా ఉంది. భూతద్దంలో బొమ్మవైపు మళ్లీ చూస్తే అక్షరాల మొదళ్లలో సూదిమొనలంత గుంటలు, పోతలో చిక్కిన గాలి. మంచి వెండితో చేసిన నకిలీ. వెండి విలువ కంటే పాత నాణెం విలువ ఎక్కువైనప్పుడు మోసగాడు వెండి వాడటానికి వెనకాడడని ఆ రోజు అర్థమైంది.

ఉపరితలం చూసేటప్పుడు మనసులో ఉంచుకోవాల్సిన తేడా కూడా అదే: కొట్టినదా, పోసినదా. అచ్చుల మధ్య పెట్టి కొట్టినప్పుడు లోహం ఒత్తిడికి బయటివైపు పారుతుంది. అక్షరాలు నేల (బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం) నుంచి నిటారుగా, పదునుగా లేస్తాయి. అరగని చోట్ల మధ్య నుంచి అంచుకు కిరణాల్లా సన్నటి గీతలు కనిపిస్తాయి, నాణేన్ని దీపం కింద వంచితే వాటిమీద వెలుగు చక్రంలా తిరుగుతుంది. పోతపోసినదానికి అక్షరాల మొదళ్లు సబ్బుబిళ్ల మీద అక్షరాల్లా గుండ్రంగా కరిగి ఉంటాయి. పూత పూసినదైతే ముందు అరిగేవి ఎత్తయిన చోట్లు. రాణి చెంప, భుజం, గద్ద రొమ్ము మీద ఎర్రగానో పసుపుగానో లోపలి లోహం తొంగిచూస్తుంది. నలుపు సంగతి కూడా చూడండి. సహజంగా వచ్చిన నలుపు పసుపు, గోధుమ, నీలం ఛాయల మీదుగా మెల్లగా ముదురుతుంది. మీ నాణెం ఒకవైపే నల్లబడటం నాకు మంచి సూచనగానే తోస్తోంది, చెక్కకు ఒకవైపు ఆనుకుని ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న నాణెం అలాగే ఉంటుంది. మసి పూసినట్టు గుంటలన్నిటిలో ఒకే నలుపు, ఎత్తుల మీద ఒకే తెలుపు ఉంటే అది చేతితో చేసిన ముసలితనం.

థేలర్లకు ప్రత్యేకంగా రెండు సంగతులు చూడాలి. ఎర్ర సముద్రం ప్రాంతాల్లో వీటిని హారాలలో కూర్చి ధరించేవారు. రాణి తలకు సరిగ్గా పైన అంచు మీద కొక్కెం అతికిన టంకం మరక, పూడ్చిన రంధ్రం ఉన్నాయేమో చూడండి. ఉంటే నకిలీ అని కాదు, నగగా బతికిందని. సేకరించేవాళ్ల దృష్టిలో విలువ తగ్గుతుంది, నాకు మాత్రం ఆ నాణెం ఎవరి మెడలోనో వెలిగిందన్నది ముచ్చటైన సంగతే. రెండోది, కొన్ని థేలర్ల మీద అరబ్బీ లిపిలో చిన్న అదనపు ముద్ర ఉంటుంది. అలాంటి ముద్రలు పాత నాణేల మీద ఈ మధ్య కాలంలో కొట్టినవి చాలా ఉన్నాయి, కాబట్టి ముద్ర ఉండటం ఒక్కటే పాతదనానికి రుజువు కాదు. మీ ఫొటోల్లో అలాంటిదేమీ కనిపించలేదు.

ఇక ఎప్పటిది? అన్నిటిమీదా 1780 ఉన్నప్పుడు కాలం తెలిసేది అచ్చు చెక్కిన చేతుల తేడాల వల్లే. ప్రతి టంకశాల అచ్చు తయారుచేసుకున్నప్పుడల్లా చిన్న చిన్న మార్పులు దొర్లాయి. నిపుణులు చూసేవి మూడు చోట్లు. గద్ద తోక ఈకలు: ఎన్ని, మధ్య ఈకలు ఒకదానిమీద ఒకటి ఎలా అమరాయి. భుజం మీద పతకం: గుండ్రమా, కోలగానా, చుట్టూ ముత్యాలు ఎన్ని. తలమీద కిరీటపట్టీలో ముత్యాలు ఎన్ని. అరేబియాలో షావుకారులు కూడా నాణెం తీసుకునే ముందు ఆ పతకం, ముత్యాలు చూసేవారట. అరిగిపోయి ముత్యాలు కలిసిపోతే తీసుకోవడానికి ఇష్టపడేవారు కాదు. ఈ లెక్కలను టంకశాలలవారీగా పొందుపరచిన సచిత్ర పట్టికలు ఉన్నాయి. మీరు మూడు చోట్లనూ విడివిడిగా దగ్గర నుంచి ఫొటో తీస్తే పోల్చి చూడవచ్చు. ఫొటో నిట్టనిలువుగా పైనుంచి, వెలుతురు ఒక పక్కనుంచి, ఫ్లాష్ లేకుండా తీయండి.

కొన్ని ఆనవాళ్లు పట్టిక లేకుండానే తెలుస్తాయి. పద్దెనిమిదో శతాబ్దపు బిళ్లలు బరువు ఎక్కువైతే ఆకురాయితో రుద్ది సరిచేసేవారు. ఆ సమాంతర గీతలు ముద్ర కింద, అంటే అక్షరాలు వాటిమీద నుంచి లేచినట్టుగా, మిగిలిపోతాయి. వాటిని గోకిన గీతలని పొరబడవద్దు, అవి వయసుకు మంచి సాక్ష్యం. అంచు చుట్టూ ఉన్న గట్టు అన్నిచోట్లా ఒకే వెడల్పుతో, నేల అద్దంలా నున్నగా ఉంటే ఇరవయ్యో శతాబ్దపు యంత్రం పని అనుకోవచ్చు. మీ ఫొటోల్లో గట్టు సమంగానే ఉంది, అక్షరాలు ఒకే వరుసలో నిలిచాయి. నా అంచనా ఇది: నాణెం అసలైన థేలరే, వెండే, అయితే రాణి బతికుండగా కొట్టినది కాదు. పందొమ్మిదో శతాబ్దం చివరిది గాని, ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంది గాని. అన్ని టంకశాలల్లో కలిపి కోట్లాది థేలర్లు తయారయ్యాయి కాబట్టి రాణి కాలపుదై ఉండే అవకాశం మొదటి నుంచీ తక్కువే. అంచు ఫొటో, తోక ఈకల ఫొటో చూస్తే ఈ అంచనా మార్చుకోవడానికి నేను సిద్ధం.

ఎక్స్-రే యంత్రంతో లోహం చూపించుకుంటానని మీరు రాశారు. చూపించండి, నాణేనికి హాని లేదు. కానీ ఆ యంత్రం చదివేది పైపొరనే. పాత వెండి నాణేల పైపొరలో రాగి తగ్గి వెండి పాలు ఎక్కువగా ఉండటం సాధారణం. కాబట్టి వెండి వెయ్యికి 833 పాళ్లకు బదులు 860, 880 అని వస్తే కంగారుపడకండి, నీటి పరీక్ష లెక్కతో కలిపి చూడండి. దళసరి వెండి పూత ఉన్న నకిలీని ఆ యంత్రం ఒంటరిగా పట్టలేదన్నది కూడా గుర్తుంచుకోండి.

సొరుగులో దొరికింది గనుక మీకు చట్టం చిక్కు పెద్దగా ఉండకపోవచ్చు. తవ్వకంలో నేలలో దొరికినదైతే మాత్రం చాలా దేశాల్లో అధికారులకు తెలియజేయడం తప్పనిసరి, అక్కడి నిబంధన ముందు తెలుసుకోవాలి.

అప్పటిదాకా నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తండి, వేలిముద్ర కూడా వెండి మీద కాలక్రమంలో చెక్కుకుపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవరులో పెట్టకండి, పీవీసీ నుంచి వచ్చే జిగురు ఆకుపచ్చగా అంటుకుని లోహాన్ని తింటుంది. ఆమ్లం లేని కాగితపు కవరు చాలు. ఆ కవరు మీద ఈ రోజు తేదీ, బరువు, ఏ బల్ల, ఏ సొరుగు వెనక దొరికింది, ఆ బల్ల మీ ఇంటికి ఎవరి ద్వారా వచ్చింది అన్నది నాణెం లోపల పెట్టక ముందే పెన్సిలుతో రాయండి. ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరైనా ఎర్ర సముద్రం వైపు ఓడల్లో పనిచేశారా, వ్యాపారం చేశారా అని కూడా అడగండి. ఆ సమాధానం, అంచు ఫొటో రెండూ కలిపి పంపండి, ఈకలు లెక్కపెట్టి చెబుతాను.